తెరచాప ఎత్తని పడవ

వకీలు దగ్గర గుమాస్తాగా పంతొమ్మిదేళ్లు బతికినవాడికి ఎంత పొడుగు కథనైనా అరపేజీకి కుదించే అలవాటు ఉంటుంది. ఇంతవరకూ నడిచిన సంగతులు తెలియనివాళ్ల కోసం ముందు ఆ పని చేస్తాను. తెలిసినవాళ్లు ఈ ముక్క దాటేసి, ఆళ్లగడ్డలో బస్సు దిగే చోట నన్ను కలుసుకోవచ్చు.

నంద్యాలకు దిగువన కాలువ గట్టు మీద సరంగుల కొట్టాల అని ఇరవై రెండు గడపల పల్లె ఉంది. కాలువలో పడవలు నడిచిన రోజుల్లో వాటిని నడిపిన సరంగుల పల్లె అది. అహోబిలం తిరునాళ్లకు పోయే యాత్రికులను కూలి అడక్కుండా ఆళ్లగడ్డ రేవుదాకా చేర్చాలని, అందుకుగాను కొట్టాల చుట్టూ ఉన్న నలభై ఎకరాలూ అనుభవించుకోవచ్చునని ఎనభై ఏళ్ల కిందట ఒక కామందు వాళ్లకు దానపత్రం రాసిచ్చాడు. ఆ కామందు మునిమనవడు ఆదినారాయణ ఇప్పుడు అలాంటి పత్రమే లేదంటున్నాడు. ఇనాముల రద్దు చట్టం వచ్చింది కదా, ఏ భూమి ఎవరిదో తేల్చడానికి నంద్యాల కచ్చేరిలో సోమవారం విచారణ. పత్రం చూపిస్తే భూమి కొట్టాలవాళ్లది. చూపించలేకపోతే ఇళ్లతో సహా ఆదినారాయణది.

ఆ పత్రం 1931 ఆషాఢంలో పోయింది. కడప వకీలుకు చూపించడానికి ఇనుప పెట్టెలో పెట్టి తీసుకుపోతుంటే సన్నగండ్ల లాకు దగ్గర పడవ మునిగింది. సరంగు మద్దిలేటి తాగి పడవ ముంచాడని లోకం తేల్చేసింది. నెల తిరక్కుండా అతని తలపాగా, చేతికర్ర కాలువ గట్టు మీద దొరికాయి. మనిషి దొరకలేదు. అవమానం భరించలేక కాలువలో దూకాడనుకుని, శవం లేకుండానే దినాలు చేశారు. అతని కూతురు రామమ్మే ఇప్పుడు కొట్టాల తరపున కచ్చేరి మెట్లు ఎక్కుతున్నది. పోయిన వారం కాలువ ఆఫీసు పాత కట్టల్లో, ఆ ప్రమాదం జరిగిన మూడో రోజు ఓవర్సీరు రాసుకున్న వాంగ్మూలం నా కంటపడింది. ఇచ్చినవాడు ఆ రోజు పడవలో ఉన్న ఒకే ఒక్క ప్రయాణికుడు, ఆళ్లగడ్డ శెనగల వ్యాపారి హనుమంతయ్య. అరవై మూడేళ్ల వయసులో ఇంకా దుకాణం మీద కూర్చుంటున్నాడని తెలిసింది.

అదీ సంగతి. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మేము ముగ్గురం ఆళ్లగడ్డలో బస్సు దిగాం.

ముగ్గురమంటే నేను, రామమ్మ, ఆమె తమ్ముడు ఓబులేసు. రామమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్లు. బస్సులో వెనక్కి ఆనుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు; ముందు సీటు కడ్డీ పట్టుకుని, దారంతా కిటికీలోంచి కాలువ ఎటువైపు ఉందో చూసుకుంటూనే ఉంటుంది. ఓబులేసు అక్క కంటే ఏడేళ్లు చిన్న. కాలువ తూములు ఎత్తే లస్కరు పని చేస్తాడు. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా సగమే మాట్లాడతాడు. తండ్రి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు, తండ్రి ముఖం కూడా గుర్తు లేదంటాడు.

మా సీమలో తెరచాపలెత్తుకుని పడవలు నడిచాయంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వడంలో తప్పు లేదు, నేనూ నవ్వేవాణ్నే. గుక్కెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకునే నేల మీద పడవలేమిటి, సరంగులేమిటి? కానీ మా తాతల కాలంలో కాలువ తవ్విన కంపెనీ దాన్ని నీళ్లకూ పడవలకూ కలిపి తవ్వించింది. కర్నూలు నుంచి కడప దాకా లాకులు కట్టారు. వంతెన వచ్చినప్పుడల్లా తెరచాప కొయ్యను వాల్చి, దాటాక మళ్లీ నిలబెట్టేవాళ్లట. దిగువకు పోయేటప్పుడు ప్రవాహం తోస్తుంది, గాలి కలిసొస్తే తెరచాప లాగుతుంది, రెండూ లేకపోతే అడుగున పొడిచి తోసే గెడ ఉంది. రైలూ బస్సూ వచ్చి పడవల్ని తినేశాయి. ఇప్పుడు లాకు గోడల మీద గొర్రెలు ఎండకు పడుకుంటున్నాయి.

హనుమంతయ్య శెట్టి గురించి నాకు ముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. దాచడం ఎందుకు, దొంగ అనే అనుకున్నాను. కారణం ఉంది. ప్రతి వేసవీ కాలువ కట్టేసి పూడిక తీస్తారు. పడవ మునిగిన మరుసటి వేసవి సన్నగండ్ల దగ్గర పూడిక తీసినవాళ్లకు పడవ చెక్కలు దొరికాయి, చుక్కాని దొరికింది, ఒక రాగి చెంబు కూడా దొరికింది. ఇనుప పెట్టె మాత్రం దొరకలేదు. చెంబు ఆగిన చోట పెట్టె ఎందుకు ఆగదు? పెట్టె ఆ నీళ్లలోకి పోనేలేదని నాకు గట్టి అనుమానం. పడవలో ఉన్నది ఇద్దరు. ఒకడు పోయాడు, రెండోవాడు దుకాణం పెంచుకున్నాడు.

ఇల్లూ దుకాణం ఒకటే. ముందు గదిలో శెనగ మూటలు, వెనకాల ఇల్లు, వీధి వైపు నల్లరాతి అరుగు. మమ్మల్ని చూడగానే శెట్టి లేచి ఎదురొచ్చాడు. బక్కపలచని మనిషి, నొసట చాదుబొట్టు, చెవులకు కమ్మలు.

"రాండి, రాండమ్మా. ఎండన పడి వచ్చినారు. ఏమే, మజ్జిగ తీసుకరా" అని లోపలికి కేక వేశాడు.

ఎందుకు వచ్చారని అడగలేదు. వ్యాపారి అన్నవాడు గడపలో కొత్త మనిషి కనిపిస్తే మొదట అడిగేది ఆ మాటే. అది నేను మనసులో రాసుకున్నాను.

ఓబులేసు గడప దగ్గరే ఆగిపోయాడు. "నేను రాను. మా నాయన్ను తాగుబోతని రాసిచ్చిన ఇంట్లో నేను కాలు పెట్టను. మీరు పోయి రాండి" అని అరుగు మీద కూర్చుండిపోయాడు.

శెట్టి ఆ మాట విననట్టే లోపలికి దారితీశాడు. అతని భార్య కన్యకమ్మ కంచు గ్లాసుల్లో మజ్జిగ పెట్టి, మా ముఖాలు చూడకుండానే పక్క గదిలోకి వెళ్లిపోయింది. వెళ్లింది గానీ తలుపు వేయలేదు. ఆమె చీర కొంగు తలుపు సందులో కనిపిస్తూనే ఉంది.

నా సంచిలో వాంగ్మూలం నకలుంది. దాన్ని బయటికి తీయలేదు. సాక్షికి ముందే కాగితం చూపిస్తే కాగితాన్నే చదువుతాడు. ముందు నోటితో చెప్పించి, తర్వాత కాగితం తీయాలి. మా వకీలుగారికి కూడా ఈ కిటుకు నేర్పింది నేనే.

"శెట్టిగారూ, నేను వకీలు గుమాస్తా తిమ్మయ్యను, ఈమె మద్దిలేటి కూతురు. ఆ పొద్దు ఏం జరిగిందో మీ నోటితో వినాలని ఈమె ఆశ. చూసినవాళ్లు మీరొక్కరే మిగిలినారు" అన్నాను.

"చెప్పనీకి ఏముండాది తిమ్మయ్యప్పా. పాత కత" అన్నాడు శెట్టి. కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నంద్యాల రేవులో తెల్లారి ఎక్కినాం. చిన్న పడవ. నావి పదారు మూటలు శెనగలు. సన్నగండ్ల లాకు ఇంగ మైలుందనంగా పడమటి గాలి లేసింది. చాప నిండుకొని పడవ కుడిపక్కకు ఒరిగింది. చాప దించప్పా, దించప్పా అని నేను అరుస్తాండా. మద్దిలేటికి తాడు చేతికి దొరకలా. తాగినాడు గదా, యాడ దొరుకుతాది? పడవ బోర్లాపడె. నేను ఈదుకోని గట్టెక్కినా. పెట్టె నా కండ్ల ముందరే నీళ్లల్లోకి పాయె."

  నా సంచిలో ఉన్న కాగితంలో ఇదే వరుసలో ఇవే మాటలు ఉన్నాయి. మైలు దూరం, పడమటి గాలి, కుడిపక్క, తాడు చేతికి దొరకకపోవడం. ఇరవై ఏడేళ్ల కిందటి సంగతిని నిజంగా చూసినవాడు ఒకసారి చెప్పింది ఇంకోసారి మరిచిపోతాడు, మరిచింది మళ్లీ కలుపుతాడు. పాఠం వల్లించినవాడే అక్షరం పొల్లుపోకుండా చెబుతాడు. అయితే ఇది నా అనుమానమే గానీ సాక్ష్యం కాదు. కచ్చేరిలో ఈ మాట అంటే, ఎంత జ్ఞాపకశక్తి అని శెట్టిని మెచ్చుకుని మమ్మల్ని ఇంటికి పంపిస్తారు.

రామమ్మ అంతసేపూ మజ్జిగ ముట్టలేదు. ఆమెకు చదువు రాదు. వాంగ్మూలంలో తాగాడని ఉందని మాత్రమే నేను చెప్పాను. మిగతాది చదివి వినిపించాలని నాకు తోచనే లేదు. ఇదంతా ఆమె వినడం ఇదే మొదటిసారి.

"చాప ఎట్లుండె శెట్టిగారూ?" అంది.

"ఎట్లుండేది ఏందమ్మా? చాప మాదిరి ఉండె. మాసిన తెలుపు."

"అతుకులుండెనా?"

శెట్టి ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "ఉండె. కింది మూల్లో రెండు. ఎన్నిసార్లు ఎక్కలేదు నేను ఆ పడవ!"

"నిజమే. రెండే. మా యమ్మ కుట్టింది" అంది రామమ్మ.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. కోర్టుకు పనికొచ్చే చిన్న చీలిక కోసం నేను వెతుకుతుంటే, ఈవిడ అతని మాటకు తనే బలం చేకూరుస్తోంది. ఇక లాభం లేదని కాగితం తీయబోయాను.

"ఆ చాప ఆ పొద్దు మా ఇంట్లో ఉండాది శెట్టీ" అంది రామమ్మ.

గొంతు పెంచలేదు. 'గారూ' మాత్రం పోయింది. శెట్టి చేతిలో గ్లాసు నోటి దాకా వచ్చి అక్కడే నిలబడింది.

"ఏందమ్మా నువ్వనేది?"

"మా అవ్వ సచ్చి ఆ పొద్దుకు తొమ్మిది దినాలు. సావు పడిన ఇంటి పడవకు మా కొట్టాల్లో చాప కట్టరు. పీనుగు ఇంట్లో ఉండంగానే కొయ్య మీంచి చాప దించుకోనొచ్చి, మడిచి, పీనుగును పండబెట్టిన తావులో పెడతారు. పదకొండో దినం ఆడోల్లు కాలవలో ఉతికి మల్లా కడతారు. అంతవరకు గెడ పొడుచుకోనే పోవాల. కడప వకీలు రమ్మన్న దినం దాటిపోతాదని మా నాయన మైలలోనే పోయినాడు. దిగువకు పోయే చిన్న పడవకు గెడ ఉంటే సాలు." ఆమె ఊపిరి తీసుకుంది. "నాకు అప్పుడు పదకొండేండ్లు. ఆ మడత మీదనే నేను పండుకుంటాంటి. పడవ మునిగిందని మనిషి వచ్చి చెప్తే మా యమ్మ ఆ మడత మీదనే కూలబడె. నువ్వు ఏ చాపకు గాలి కొట్టిచ్చినావు శెట్టీ?"

 నేను సిగ్గుపడ్డాను, నిజం చెబుతున్నాను. ఆ వాంగ్మూలం పదిసార్లు చదివాను. ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాను. తేదీలు సరిచూశాను. కాలువ మా ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలో పారుతుంది, అందులోనే ఈత నేర్చుకున్నాను, అయినా ఈ ఆచారం సంగతి నాకు తెలియదు. వాంగ్మూలం రాసుకున్న ఓవర్సీరు ఏ ఊరివాడో, వాడికి అసలే తెలియదు. కొట్టాలలో ఏ ముసలమ్మకు ఆ కాగితం చదివి వినిపించినా రెండో వాక్యం దగ్గర ఆపేసేది. ఇన్నేళ్లూ ఎవ్వరూ వినిపించలేదు.

శెట్టి గ్లాసు కింద పెట్టాడు. "నేను మర్సిపోయింటా తల్లీ. ముసలోన్ని" అన్నాడు.

ఇప్పుడు కాగితం తీశాను. "ఇది రాయించేటప్పుడు మీరు ముసలివాళ్లు కాదు కదా. ముప్ఫై ఆరేళ్లు. అదీ మూడో రోజు. ఇందులోనూ తెరచాప ఉంది, గాలి ఉంది, కుడిపక్కకు ఒరగడం కూడా ఉంది. కింద మీ సంతకం ఉంది. పెట్టెను ఆదినారాయణ నాయనకు ఎంతకు అమ్మినారు శెట్టిగారూ?"

"థూ!" అన్నాడు శెట్టి. ముఖం కందగడ్డలా అయింది. "నేను అమ్మేటోన్నా? ఈ ఇంట్లో కూర్చోని, నా మజ్జిగ తాగి, నన్ను ఆ మాటంటావా?"

"అడగక ఏం చేస్తారు?" అంటూ కన్యకమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కోపంగా ఉంది, ఆ కోపం మా మీద కాదు, భర్త మీద. "చెప్పేయండి ఇంగనన్నా. ఆ బిడ్డ గొంతు విని కూడా మీ నోరు రాకపోతే ఎట్ల? ఇరవై ఆరేండ్లు ఆ పెట్టెను దేవునింట్లో పెట్టుకోని, శుక్రారం శుక్రారం గడపతో పాటు దానికీ పసుపు పెట్టినా. ఏముండాదో తెల్దు. ఎవరిదో తెల్దు. అడిగితే మాట మార్సేటోల్లు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

పెట్టె! నేను కుర్చీలోంచి లేచిపోయాను. రామమ్మ లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని శెట్టి ముఖమే చూస్తోంది.

శెట్టి నోరు విప్పాడు. ఈసారి మాటలు వరుసలో రాలేదు. ముందుకూ వెనక్కూ పోయాడు, మధ్యలో ఆగాడు, చెప్పిందే మళ్లీ చెప్పాడు. నాకు మొట్టమొదటిసారి అతని మీద నమ్మకం కలిగింది.

"మీ నాయనకు నంద్యాల రేవులోనే కబురు తెలిసిందమ్మా. ఆదినారాయణ నాయన మనుషులు ఎనిమిది మంది కట్టెలు పట్టుకోని ఆళ్లగడ్డ రేవులో కాసుకోనుండారని. పెట్టె గుంజుకోనీకి. ఎనక్కి పోదాంరా అంటే, ఎనక్కి పోతే కొట్టాలకే వస్తారు శెట్టీ, కొంపలు కాలుస్తారు అన్నాడు. పెట్టె లేదనిపించాల, అదొకటే దోవ అన్నాడు. లాకుకు ముందర గట్టుకు తీసినాడు పడవ. పెట్టె నా శెనగ మూటలో దూర్చి, మూటను, నన్ను గట్టు మీద దించినాడు. దించి, గొడ్డలి తీసుకోని..." శెట్టి చేత్తో కిందికి కొట్టి చూపించాడు. "అడుగు చెక్క. సొంత పడవ. నాలుగు దెబ్బలు ఏసినాడు. ఏడుస్తానే ఏసినాడమ్మా."



"మరి తాగినాడని ఎందుకు రాయించినారు?" అన్నాను నేను.

"ఆయనే చెప్పమన్నాడు. సారాయి బుడ్డి ఉండె పడవలో, ఎవురిదో. గుడ్డల మీద పోసుకున్నాడు. చుక్క నోట్లోకి పోలా, నా బిడ్డల మీద ఒట్టు. మద్దిలేటి తెలివిలో ఉండి పడవ ముంచినాడంటే ఏందో ఉండాదని వెతుకుతారు, తాగి ముంచినాడంటే మొగాన ఊంచి పోతారు, నువ్వు ఆ మాటే చెప్పు శెట్టీ అన్నాడు. తాగినాడని చెప్పమన్నాడు, అంతే." శెట్టి తల వంచుకున్నాడు. "గాలి, చాప నేను కలిపినవి. ఊరికే తాగినాడంటే నమ్ముతారో లేదోనని. బాగుంటాదనుకున్నా."

సరుకు బాగా కనపడాలని పైన నాలుగు మంచి గింజలు చల్లడం శెట్టికి చేతి అలవాటు. ఆ అలవాటే ఇవాళ అతన్ని పట్టించింది. నవ్వాలో తిట్టాలో నాకు తెలియలేదు.

రామమ్మ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, మా అందరి ముందూ ఏడ్చింది. నీళ్ల బిందె ఎత్తుకుంటే తాగుబోతు కూతురు, కూలికి పోతే తాగుబోతు కూతురు, కొట్టాలవాళ్లు తిండి లేక వలసపోయిన ప్రతి కరువులోనూ ఈ ముంచినవాడి బిడ్డ వల్లనే అని. ఆ మాటలు పడ్డ ఇరవై ఏడేళ్లూ ఆ ఏడుపులో ఉన్నాయి. అందులో సంతోషం కూడా ఉంది. తండ్రి తాగుబోతు కాదు. 

కళ్లు తుడుచుకుని, "పెట్టె యాడుండాది?" అంది.

"ఇప్పుడు ఈడ లేదు తల్లీ."

"ఎవురికిచ్చినావు?"

"ఇచ్చినోనికే ఇచ్చినా."

నాకు అర్థం కాలేదు. రామమ్మకూ కాలేదనుకుంటాను. శెట్టి భార్య వైపు చూశాడు. కన్యకమ్మ చెప్పమన్నట్టు తల ఊపింది.

"పోయిన శివరాత్రి మరుసటి దినం మద్దిలేటి వచ్చినాడు. వచ్చి, పెట్టె తీసుకోని పోయినాడు."

ఆరు నెలల కిందటి శివరాత్రి. అంతకు ఇరవై ఆరేళ్ల ముందే దినాలు చేసేసిన మనిషి. నా వృత్తి ధర్మం నాకు వెంటనే గుర్తొచ్చింది: ఎవడో వేషం వేసుకొచ్చి ఈ ముసలివాణ్ని మోసం చేశాడు. ఆదినారాయణ డబ్బున్నవాడు, పదిమంది మద్దిలేటిలను పుట్టించగలడు.

"ఎట్లా గుర్తుపట్టినారు? ముఖం చూసి గుర్తుపట్టే ఏళ్లా ఇవి?" అన్నాను గట్టిగా.

"మొగం చూసి కాదు. గడ్డం బొడ్డు దాకా పెరిగింది. రెండు కండ్లూ పోయినాయి. నేనూ నమ్మలా." శెట్టి వేళ్లు మడిచాడు. "నేను పరీచ్చ పెట్టినా. పెట్టె ఎన్నో మూటలో పెట్టినామంటే, తొమ్మిదోది అన్నాడు. మూతి దేనితో కుట్టినామంటే, దారం లేకపోతే చుక్కానికి కట్టే పీచుతాడు పురి ఇప్పి కుట్టినాం శెట్టీ, నీ ఏలికి సూది గుచ్చుకునింది అన్నాడు. ఈ సంగతి నాకు, ఆయనకు, ఆ దేవునికి తప్ప తెల్దప్పా."

"నేనూ చూసినా" అంది కన్యకమ్మ. "పెట్టె మీద చెయ్యి పెట్టి ఎంతసేపు తడిమినాడో. అన్నం తినిపో నాయనా అంటే తినలా."

రామమ్మ లేచి నిలబడింది.  "కండ్లు లేనోడు ఒంటిగా ఎట్లొచ్చినాడు?"

శెట్టి వీధి అరుగు వైపు చూశాడు. మొదట వచ్చినప్పుడు మా రాక గురించి ఎందుకు అడగలేదో, ఓబులేసు గడపలో అన్న మాట ఎందుకు విననట్టు నటించాడో నాకు అప్పుడు మెల్లగా తెలిసిరావడం మొదలైంది. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది.

"చెయ్యి పట్టుకోని తోడుకొచ్చినోడు ఎవురు శెట్టీ?"

"ఒట్టు పెట్టిచ్చుకున్నాడమ్మా నాతో, చెప్పొద్దని."

"ఎవురు?"

"నా అరుగు మీద కూర్చోనుండాడు గదమ్మా" అన్నాడు శెట్టి.

కూర్చుని లేడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో, ఓబులేసు దుకాణంలోంచి లోపలికి వచ్చే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాలు పెట్టనన్న ఇంట్లో కాలు పెట్టాడు. కాదనలేదు. శెట్టి అబద్ధం చెబుతున్నాడని అరవలేదు. నేనైతే పెట్టె ఎక్కడని మొదట అడిగేవాణ్ని. నలభై ఎకరాలు, ఇరవై రెండు ఇళ్లు, మధ్యలో రెండే రోజులు. రామమ్మ అది అడగలేదు.

"నాయన బతికుండాడా ఓబులేసూ?"

ఓబులేసు తల ఊపాడు.

"అమ్మ పోయేనాటికి నీకు తెల్సునా?" వాళ్ల అమ్మ పోయి రెండేళ్లయింది. బొట్టు లేకుండానే పోయింది.

"లేదక్కా. అమ్మ తోడు. ఆ తర్వాత తెలిసింది. లాకు కాడ పండుకోనుంటే నేనే చూసినా. పేరు అడిగితే చెప్పినాడు."

"ఏడాది నుంచో, ఆర్నెల్ల నుంచో, నా పక్కన కూర్చోని అన్నం తింటా, నాకు చెప్పలా" అంది రామమ్మ. అది ప్రశ్న కాదు.  ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "సరే. తిట్టేది తర్వాత తిడతా. బేగా పా. యాడుండాడో నాకు చూపీ."

ఓబులేసు తలుపు చట్రం రెండు చేతులతో పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. అక్క మీద చెయ్యి వేసే మనిషి కాదు, అయినా జరగలేదు.

"నువ్వు పోయేది లేదక్కా. సోమవారం ఆయనే వస్తాడు కచ్చేరికి. పెట్టె తీసుకోనే వస్తాడు."

నేను సంతోషం పట్టలేక "ఇంకేం కావాలి!" అని అరిచేశాను. పత్రం ఉంది, పత్రాన్ని కాపాడిన మనిషే ప్రాణాలతో ఉన్నాడు, మనిషీ పత్రమూ ఒకేసారి కచ్చేరిలో దిగుతారు. ఇంతకంటే గెలిచే కేసు నా పంతొమ్మిదేళ్లలో చూడలేదు. నా అరుపుకు ఓబులేసు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"సాక్ష్యం చెప్పనీకి వస్తాడు అన్నా. నోటీసు కూడా అందింది ఆయనకు" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "మన పక్క కాదక్కా. ఆదినారాయణ పక్క."